చార్లీ కోసం ఏడ్చావా? రా, మాట్లాడుకుందాం

ఏమ్మా, ‘ఫ్లవర్స్ ఫర్ ఆల్జెర్నన్’ పూర్తయిందా? ఆఖరి పేజీ అయ్యాక నిద్ర పట్టలేదు, ఎందుకేడుస్తున్నావంటే ఇంట్లోవాళ్ళకి చెప్పలేకపోయాను అంటావు, అంతేనా? ఆ నవల చదివినవాళ్ళు చాలామంది చెప్పేమాటే అది. ముందు ఆ టీ తాగు, చల్లారిపోతోంది.

మనకి మొదట రచయిత మీదే కోపం వస్తుంది. 68 ఐక్యూతో బేకరీలో ఊడ్చుకుంటూ, అక్కడివాళ్ళంతా నా స్నేహితులే అనుకుంటూ బతికే చార్లీ గోర్డన్‌కి ఆపరేషన్ చేయించి, 185 దాకా ఎక్కించి, మళ్ళీ ఎందుకు లాక్కోవాలి? ఆ తెలివి అలాగే ఉంచి, టీచరమ్మ ఆలిస్‌తో పెళ్ళి చేసేస్తే ఏం పోయేది? నీకొక్కదానికే కాదమ్మా, ఇది 1959లో చిన్న కథగా అచ్చయ్యే ముందు ఒక సంపాదకుడు కూడా రచయిత డేనియల్ కీస్‌ని సరిగ్గా అదే మార్పు చెయ్యమన్నాడు. కీస్ ఒప్పుకోలేదు, కథ వేరే పత్రికకి వెళ్ళింది. 1966లో నవలగా తెచ్చేటప్పుడూ ముగింపు దగ్గరే పేచీ వచ్చింది. ఆయన పట్టు విడవకపోవడం మన అదృష్టం. సుఖాంతమైతే హమ్మయ్య అనుకుని పుస్తకం అలమరాలో పెట్టేసేవాళ్ళం కదూ?

అసలు నీ గుండెలో గుచ్చుకున్నది ముగింపు కాదేమో, ఒకసారి చూసుకో. హోటల్లో కుర్రాడు ప్లేట్లు కింద పడేసే చోటు గుర్తుందా? జనం ఎగతాళి చేస్తారు. వాళ్ళు ఎందుకు నవ్వుతున్నారో తెలియక ఆ పిల్లాడు కూడా బిక్కమొహంతోనే నవ్వుతాడు. అప్పటికి మహా మేధావి అయిపోయిన చార్లీ కూడా వాళ్ళతో కలిసి నవ్వేస్తాడు. మరుక్షణం ఆ పిల్లాడిలో తననే చూసుకుని, లేచి అందరి మీదా అరుస్తాడు. అక్కడికి వచ్చేసరికి మనకి మన క్లాసులో వెనక బెంచీలో కూర్చున్న పిల్ల గుర్తొస్తుంది. వీధిలో అందరూ పేరు పెట్టి ఏడిపించే అబ్బాయి గుర్తొస్తాడు. మనం నవ్వామా, నవ్వేవాళ్ళ పక్కన ఊరికే నిలబడ్డామా?

అదే కదా నిన్ను నిద్రపోనివ్వనిది? అయితే విను. అలా కుమిలిపోతూ కూర్చోవడం వల్ల ఆ మనిషికి ఒరిగేదేమీ లేదు. ఈసారి ఊరెళ్ళినప్పుడు ఆ వీధి అబ్బాయి వాళ్ళింటికి వెళ్ళు. వాళ్ళమ్మతో మాట్లాడి వచ్చేయకు, ఆ అబ్బాయితోనే మాట్లాడు. ఏం తిన్నావు, ఏ సినిమా చూశావు అని అడుగు. జవాబు ఆలస్యంగా వస్తుంది, నువ్వు అందించకుండా ఆగు. ఈ నవలకి బీజం పడిందీ అలా ఒకరి మాట విన్నందువల్లే. కీస్ వెనకబడిన పిల్లలకి ఇంగ్లీషు చెప్పే రోజుల్లో ఒక అబ్బాయి వచ్చి, కష్టపడి తెలివైనవాణ్ణయితే నన్ను మామూలు క్లాసులో వేస్తారా అని అడిగాడట. ఆ ప్రశ్న ఆయన్ని వదల్లేదు.

ఇక ఇంట్లోనే చార్లీలాంటి బిడ్డ ఉన్న చెల్లెళ్ళతో ఒక మాట. చార్లీ తల్లి రోజ్‌ని చదివి మీరు వణికిపోయుంటారు, నాకు తెలుసు. కొడుకు మామూలుగానే ఉన్నాడని మొండికేసి, ఖరీదైన వైద్యాలకి తిప్పి, కూతురు నార్మా పుట్టాక వాణ్ణి పంపించేయమని పట్టుబట్టింది. ఆవిడ రాక్షసి అని నేననుకోను. నలుగురూ ఏమంటారో అన్న భయం ఆవిడని తినేసింది, తోడు నిలబడేవాళ్ళు లేకపోయారు. మనకి ఆ గతి పట్టకూడదు. సికింద్రాబాద్ మనోవికాస్ నగర్‌లో 1984 నుంచీ ఈ పిల్లల కోసమే ఒక జాతీయ సంస్థ ఉంది, పరీక్షలూ శిక్షణా అక్కడే దొరుకుతాయి. దివ్యాంగులకిచ్చే యూడీఐడీ గుర్తింపు కార్డు తీసుకోండి, బద్ధకించకండి. నేషనల్ ట్రస్ట్ వాళ్ళ నిరామయ బీమాలో లక్ష రూపాయల దాకా వైద్యఖర్చులకి వస్తుంది. మేం పోయాక వీడి గతేంటి అని కుమిలే బదులు, బిడ్డకి 18 నిండగానే చట్టబద్ధమైన సంరక్షకుల కోసం జిల్లా స్థానిక కమిటీకి దరఖాస్తు పెట్టండి. తోడబుట్టినవాళ్ళని చిన్నప్పుడే దగ్గర చెయ్యండి. నార్మా పెద్దయ్యాక అన్నని ప్రేమగానే పలకరిస్తుంది, కానీ అప్పటికి ఎన్నేళ్ళు పోయాయి!

నాన్నగారి మతిమరుపు చూస్తూ ఈ నవల చదివినవాళ్ళకి, చార్లీ తన గురించి రాసుకునే రిపోర్టుల్లో చివరివి మరీ కష్టం. నేర్చుకున్నవి ఒక్కొక్కటీ జారిపోతుంటే, అది తనకే తెలుస్తుండగా రాస్తాడు చార్లీ. ఆ పేజీలు ఒంటరిగా చదవకండి, పక్కన ఎవరైనా ఉన్నప్పుడు చదవండి. నాన్నగారు అడిగిందే మళ్ళీ అడిగినప్పుడు మాత్రం, నిన్నే చెప్పాను కదా నాన్నా అనకండి, మళ్ళీ చెప్పండి.

ఇక మీ పాపకి ఈ నవల ఇవ్వచ్చా అని అడుగుతున్నావు కదూ? ఎనిమిదో తరగతే కదా, నవలలో పెద్దవాళ్ళ సంగతులు ఉన్నాయి, కొన్నాళ్ళాగు. ముందు చిన్న కథ చదివించు. మొదటి పేజీల్లో ఆ స్పెల్లింగ్ తప్పులు చూసి ప్రింటింగ్ పొరపాటేమో అంటుంది, చార్లీ రాసుకునే తీరే అదని చెప్పు. అయ్యాక ఏం అర్థమైందని పరీక్ష పెట్టకు. తనే వచ్చి చెప్తుంది.