పందిరి పక్కన పూలచాలు

సార్వా చేలు దుబ్బు కట్టే ఈ భాద్రపదంలో యానాం ప్రాంతపు కనకాలపేట, మెట్టకూరు పెరళ్లలో బీర, సొర, కాకర పాదులు పందిరెక్కుతుంటాయి. రైతులను వేధించే సమస్య కూడా ఇప్పుడే మొదలవుతుంది: పిందె వేలెడైనా సాగకుండా పసుపుబారి రాలిపోతుంది.

వెంటనే మందు కొట్టకండి. రాలిన పిందెను కోసి చూడండి. పండుఈగ పొడిచిన మచ్చ, లోపల పురుగు లేకపోతే చాలావరకు దానికి పుప్పొడి అందలేదనే అర్థం. ఈ తీగజాతుల్లో మగపువ్వు వేరు, ఆడపువ్వు వేరు. పుప్పొడిని ఒకదాని నుంచి ఇంకోదానికి పురుగులే మోయాలి, గాలికి అది సాధ్యం కాదు. అరకొరగా అందితే కాయ వంకర తిరుగుతుంది. వరికి ఈ బాధ లేదు కాబట్టి మన డెల్టా రైతు దీన్ని పెద్దగా పట్టించుకోడు.

యానాంలో తేనెటీగలకు మేత బొత్తిగా లేదని కాదు. కొబ్బరి ఏడాది పొడవునా పూస్తుంది. పొరుగునే కోరంగి మడ అడవి ఉంది. ఆ మడచెట్లకు ఏయే పురుగులు పుప్పొడి మోస్తాయో ఆంధ్ర విశ్వవిద్యాలయం ఆచార్యులు ఎ.జె. సోలమన్ రాజు ఏళ్లపాటు పరిశోధించారు. కానీ ఒంటరిగా బతికే చిన్న తేనెటీగలు గూటి నుంచి కొన్ని వందల మీటర్లు దాటి మేతకు పోవు. మధ్యలో రొయ్యల చెరువులు, ఇళ్లు అడ్డం వస్తే మడ అడవిలో ఎంత పూత ఉన్నా మీ పందిరికి ఒరిగేదేమీ లేదు. మేత పందిరి పక్కనే ఉండాలి.

రెండు మూరల వెడల్పున ఒక చాలు చాలు. ఇప్పుడే బంతి నారు నాటండి, మధ్యమధ్య తులసి పెట్టండి, గట్టున అలసంద చల్లండి. పచ్చిరొట్టకు వేసిన జనుమును పూతలోనే కలియదున్నేస్తాం. ఒక్క చాలు మాత్రం పూయనివ్వండి. దాని కోసం వచ్చే నల్ల తుమ్మెదే వంగపూల మీద రెక్కల కండరాలు అదిరించి పుప్పొడి రాలుస్తుంది. పుట్టతేనెటీగకు ఆ విద్య రాదు. ఉప్పు తగిలే నేలైతే దడి వెంట గంగరావి, కానుగ వేసుకోవచ్చు. చవితికి తుమ్మికూర కోసేటప్పుడు మొక్కను వేళ్లతో సహా పీకేయకండి, ఆ తెల్లపూలంటే తేనెటీగలకు ప్రాణం. వయ్యారిభామను మాత్రం పూత రాకముందే పీకేయాల్సిందే.

పూలతో పాటు గూడూ కావాలి. నీరు నిలవని గట్టు ఒక మూల తవ్వకుండా, గడ్డి కప్పకుండా వదిలేస్తే మట్టిలో గూడు కట్టే తేనెటీగలు చేరతాయి. పందిరికి వాడిన ఎండు వెదుళ్లలో తుమ్మెదలు తొలుచుకుని ఉంటాయి, వాటిని పొయ్యిలో పెట్టకండి.

మందు వేళ గురించి కాస్త వివరంగా చెప్పాలి. తేనెటీగలను కాపాడుకోవాలంటే సాయంత్రం కొట్టమని అందరూ చెబుతారు. పొద్దున్నే పూసే గుమ్మడికి, దోసకు, కాకరకు అది సరైన మాటే. బీర, సొర సాయంత్రమే విచ్చుకుంటాయి, రాత్రి రెక్కల పురుగులు వాటి మీద వాలతాయి. ఆ పందిళ్ల మీద సాయంత్రం కొడితే మందు నేరుగా పువ్వులోకే పోతుంది. తప్పనప్పుడు వేప కషాయాన్ని మధ్యాహ్నం మూడింటి ప్రాంతంలో, కొత్త పూలు విచ్చకముందే కొట్టండి. ఇమిడాక్లోప్రిడ్ లాంటి మందులు మొక్కలోకి పాకి తేనెలోకీ పుప్పొడిలోకీ చేరతాయి. పూత మొదలయ్యాక వాటి జోలికి పోకండి.

వరిగట్టు మీద కూడా పూలకు చోటివ్వండి. చైనా, థాయ్‌లాండ్, వియత్నాంలలో వరిగట్ల మీద నువ్వుల వంటి పూలపైర్లు పెంచి చూస్తే పురుగుమందుల పిచికారీ 70 శాతం తగ్గి, దిగుబడి 5 శాతం పెరిగిందని 2016లో శాస్త్రవేత్తలు ప్రకటించారు. సుడిదోమ గుడ్లలో తమ గుడ్లు పెట్టి వాటిని నాశనం చేసే చిన్న కందిరీగలకు ఆ పూలతేనే ఆహారం.

బంతి పూతకు వచ్చేలోగా పిందెలను మీరే నిలబెట్టుకోవచ్చు. అప్పుడే విచ్చిన మగపువ్వు తెంపి, రేకులు తీసి, వెనక చిన్న పిందె ఉన్న ఆడపువ్వు మధ్యలో మెల్లగా అద్దండి. బీరకు, సొరకు దీపాలు పెట్టే వేళ, కాకరకు, గుమ్మడికి పొద్దున తొమ్మిదిలోపు. ఒక మగపువ్వు రెండు మూడు ఆడపూలకు సరిపోతుంది.