గోడకు వేలాడుతున్న లాభం

ప్రశ్న: బీఎస్సీ ఆప్టోమెట్రీ చదివి, ఆరేళ్లు కంటి ఆసుపత్రిలో చేశాను. నాలుగేళ్ల కిందట తెనాలిలో సొంతంగా ఆప్టికల్ షాపు పెట్టుకున్నాను. కంటి పరీక్ష ఉచితం. రోజుకు పది మందిని చూస్తాను, నెలకు 70 కళ్లజోళ్లు పోతాయి. షాపులో 1,400 ఫ్రేములున్నాయి, సరుక్కి లోటు లేదు. నెల అమ్మకం రూ.1.75 లక్షలు. అందులో అమ్మిన సరుకు ఖరీదు రూ.80 వేలు, అద్దె 18, ఇద్దరి జీతాలు 25, కరెంటు 4, బంగారం పెట్టి తెచ్చిన అప్పు వాయిదా 17 వేలు. అయినా నెలాఖరుకు గల్లాపెట్టె ఖాళీ. ఎదురుగా పెద్ద కంపెనీ షోరూము వచ్చాక నా చీటీ పట్టుకుని అక్కడికే పోతున్నారు. రూ.6 లక్షలు పెట్టి, కంటి వెనక పొరను ఫొటో తీసే ఫండస్ కెమెరా కొంటే జనం వస్తారని, ముద్ర లోను ఇప్పిస్తానని ఏజెంటు అంటున్నాడు. మా ఆయనేమో మూసేసి ఆసుపత్రిలో చేరిపొమ్మంటున్నారు. ఏం చేయమంటారు?
- ఒక సోదరి, తెనాలి

జవాబు: అమ్మా, మీ అంకెలే కూడి, తీసేసి చూశాను. నెలకు రూ.31 వేలు మిగలాలి. 'సరుక్కి లోటు లేదు' అని గొప్పగా రాశారు చూడండి, రోగం అక్కడే ఉంది. నెలకు 70 అమ్మే షాపులో 1,400 ఫ్రేములంటే 20 నెలల సరుకు. ఒక్కోటి సగటున రూ.600 పడిందనుకున్నా రూ.8.40 లక్షలు గోడకు వేలాడుతున్నాయి. డజను తీసుకుంటే రెండు ఫ్రీ అని ఫ్రేముల కంపెనీ కుర్రాడు వచ్చినప్పుడల్లా మీ 31 వేలూ అతని సంచిలోకి వెళ్తున్నాయి. ఒక ఆదివారం కింది సొరుగులన్నీ లాగి చూడండి. కాడ మీది ధర చీటీ వెలిసిపోయినవి, ముక్కు ప్యాడ్లు పచ్చబడినవి పక్కకు తీసి పడిన ధరకే ఇచ్చేయండి. బాగా కదిలే రకాలు తప్ప ఆరు నెలలు కొత్తవి కొనకండి. లెన్సులంటారా, అవి ఎలాగూ ఆర్డరు మీద తెప్పించేవే. 2025 సెప్టెంబరు 22 నుంచి కళ్లజోళ్లు, ఫ్రేముల మీద జీఎస్టీ 12 నుంచి 5 శాతానికి దిగింది. పాత సరుకు మీద కట్టిన పన్ను క్రెడిట్ ఇంకా ఏమైనా మిగిలి ఉందేమో ఆడిటర్‌ని అడగండి. మీరు కాంపోజిషన్ పథకంలో ఉంటే మాత్రం ఆ ఆశ వదులుకోవాల్సిందే.

ఇక ఆ ఉచిత పరీక్ష. నెలకు 250 మందికి కళ్లు చూస్తే కొనేది 70 మంది. తక్కిన 180 మందికి మీ చదువునీ, అరగంట సమయాన్నీ ఎదురు షోరూముకి కట్నంగా ఇస్తున్నారు. రూ.150 ఫీజు పెట్టండి. సగం మంది మానేసినా 125 మందికి రూ.18,750 వస్తుంది, మీ అద్దె వెళ్లిపోతుంది. 'కళ్లజోడు కొంటే ఫీజు వాపసు' అనే ఆశ మాత్రం చూపకండి, మళ్లీ మొదటికొస్తుంది. వైద్య సేవలకు జీఎస్టీ మినహాయింపు ఉంది కనక పరీక్షకు విడిగా రసీదు పుస్తకం పెట్టి, అదీ ఆడిటర్‌కి ఒకసారి చూపించండి.

కెమెరా ఇప్పుడు వద్దు. ముద్రలో రూ.10 లక్షల దాకా తాకట్టు లేకుండా ఇస్తారు, నిజమే. కానీ తాకట్టు లేదంటే తీర్చక్కర్లేదని కాదు కదా! రూ.6 లక్షలకు 11 శాతం వడ్డీతో ఐదేళ్లంటే నెలకు రూ.13 వేలు. రూ.150 చొప్పున ఆ వాయిదాకే 87 మంది కొత్తగా రావాలి. ఉచితంగా చూస్తే ఎంతమంది వచ్చినా తీరదు.

మీ ఆయన మాట కొట్టిపారేయకండి. వచ్చే నెల నుంచి ఒకటో తారీఖున, షాపులో ఇద్దరి జీతాలతో పాటే, మీకూ రూ.25 వేలు జీతం రాసుకుని తీసుకోండి. ఆరు నెలల పాటు అది తీసుకోలేకపోతే ఆయన చెప్పిందే రైటు. ఈ ఆరు నెలల పరీక్ష మొదలయ్యేలోగా షాపు ముందరి 'ఉచితం' బోర్డు దించేయండి.