కొలిచెడి పరికరమును కొలుచువారు

బిలాస్‌పూర్ రైల్వే కాలనీలలో తరతరములుగా నివసించుచున్న తెలుగు కుటుంబముల బిడ్డలకు ఉద్యోగమనగానే రైల్వేయో, సీపత్‌లోని 2,980 మెగావాట్ల ఎన్‌.టి.పి.సి. విద్యుత్కేంద్రమో మనస్సునకు తోచుట సహజమే. కాని భౌతికశాస్త్రమందు అభిరుచియు, చేతిపనియందు ఓర్పును గల యువతీయువకులకు మరియొక ఉదాత్తమైన వృత్తి కలదు. వాతావరణ పరిశీలన కేంద్రములను, అవి సేవలోనికి రాకమునుపే, పరీక్షించుటయే ఆ వృత్తి.

ఒక కేంద్రము నేడు నమోదుచేసిన ఉష్ణోగ్రత, ఏబది యేండ్ల పిమ్మట శీతోష్ణస్థితి మారెనా యను విచారణలో సాక్ష్యమగును. సాక్షి సత్యవాదియో కాడో ముందుగనే తేల్చుకొనవలయును. అందుకై ఉష్ణమాపకమును కరుగుచున్న మంచులో నుంచి, అది సున్న డిగ్రీలు చూపునేమో పరిశీలింతురు. 20 సెంటీమీటర్ల వ్యాసముగల వర్షమాపకపు గరాటులో 314 మిల్లీలీటర్ల నీరు మెల్లగా వదలినచో, అది 10 మిల్లీమీటర్ల వానకు సమానము; 0.2 మిల్లీమీటర్లకు ఒకమారు ఒరగెడి లోపలి తొట్టి సరిగా 50 మారులు ఒరగవలయును. 47 మారులే ఒరిగెనా, నూటికి ఆరు వంతుల వాన లెక్కకు రాకపోయినట్లే. కాంక్రీటు గోడ చెంత నిలిపిన ఉష్ణమాపకము ఊరిగాలిని గాక గోడవేడిని చెప్పును గనుక, స్థలపరీక్షయు అంతే ముఖ్యము. పాత పద్ధతిని, కొత్త యంత్రమును కనీసము ఒక సంవత్సరము పక్కపక్కన నడిపి పోల్చుట ఉత్తమాచారము. అమెరికాలో 2004 జనవరిలో సేవలోనికి వచ్చిన శీతోష్ణస్థితి కేంద్రజాలమున, ఒకటి తప్పిన తక్కినవి పట్టియిచ్చుటకై, ప్రతిచోటను మూడేసి ఉష్ణమాపకముల నమర్చిరి.

ఈ వృత్తికి ఒక ద్వారము భారత వాతావరణ శాఖ. 1875లో స్థాపితమైన ఆ శాఖలో సైంటిఫిక్ అసిస్టెంటు ఉద్యోగములకు స్టాఫ్ సెలక్షన్ కమిషన్ 2017లోను, 990 ఖాళీలతో 2022లోను ప్రకటన లిచ్చినది. 2022 ప్రకటన ప్రకారము, భౌతికశాస్త్రముతో బి.ఎస్‌సి. గాని, కంప్యూటర్ సైన్సు పట్టము గాని, ఎలక్ట్రానిక్స్ అండ్ టెలికమ్యూనికేషన్ డిప్లమా గాని ప్రథమశ్రేణిలో నుండవలసియుండెను. ఇంటరులో భౌతిక, గణితశాస్త్రములు తప్పనిసరియై యుండెను. ఉన్నతవిద్య గోరువారికి విశాఖపట్టణమున ఆంధ్ర విశ్వకళాపరిషత్తు కలదు. గోడే వేంకట జగ్గారావు పందొమ్మిదవ శతాబ్దిలోనే స్వంత వేధశాలను నెలకొల్పిన పట్టణమది.

మన దేశమున దినవర్షపాతమును ఉదయము 8.30 గంటలకు కొలుతురు. మీరును ఈ వానకాలమున ఆ వేళకే కొలిచి, పుస్తకమున వ్రాయుడు. కొలుచుట మరచిన దినమున ఊహించి అంకె వేయక, ఆ గడిని ఖాళీగా విడువుడు. ఆ ఖాళీగడిని విడువగల నిజాయితీయే ఈ వృత్తికి మొదటి అర్హత.