మబ్బులో మార్కుల మెమో

క్లౌడ్ అంటే మబ్బు. మబ్బును నమ్మి విత్తనం వేసే మన కోసిగి రైతులకు ఆ పేరు మీద అంత గురి ఉండదు! అయితే ఈ మబ్బు నేల మీదే ఉంది. మనం ఫోన్లో దాచే ఫోటో, ఫైలు ఇంటర్నెట్ ద్వారా వెళ్ళి పెద్ద భవనాలలో వరుసగా పేర్చిన సర్వర్లలో నిలుస్తాయి. అటువంటి కేంద్రాలను అమెజాన్ 2022 నవంబరులో హైదరాబాదులోనే ప్రారంభించింది.

హాస్టల్ విద్యార్థులమైన మనకు దీనితో పనేమిటి? మన ఆస్తి అంతా ఒక ట్రంకు పెట్టె. టెన్త్ మెమో, టి.సి., కుల ధృవీకరణ పత్రం అందులోనే. 2009 అక్టోబరులో తుంగభద్ర పొంగి మంత్రాలయం, కర్నూలు మునిగాయి. నీళ్ళకు మెమో అని, చిత్తు కాగితమని తేడా లేదు కదా. సుగ్గికి గుంటూరు మిరప చేలకు పోయే కుటుంబాలకైతే కాగితాలు కాపాడుకోవడం ఏటా ఉన్న తిప్పలే.

కేంద్ర ప్రభుత్వం 2015లో తెచ్చిన డిజిలాకర్ ఇక్కడే మనకు పనికొస్తుంది. అందులో రెండు రకాల పత్రాలుంటాయి. జారీ చేసిన బోర్డు లేదా శాఖ నుండి నేరుగా వచ్చేది ఒకటి. దానికి 2017 నుండి అసలు పత్రంతో సమానమైన విలువ ఉంది. మనం ఫోటో తీసి ఎక్కించుకునేది రెండవది. అది ఒట్టి నకలే. కౌన్సెలింగుకు వెళ్ళేముందు ఈ తేడా చూసుకోవాలి.

చిక్కల్లా ఓటీపీతోనే. ఆధార్‌కు నాన్న నంబరు ఇచ్చి ఉంటే, ఆయన సుగ్గిలో ఉన్నప్పుడు తాళంచెవి కూడా అక్కడే ఉన్నట్టు. రీచార్జి లేక ఆ సిమ్ పోతే మరీ కష్టం. అందుకే పై తరగతికి వెళ్ళేలోపే ఆధార్ కేంద్రంలో మన నంబరు చేర్పించుకుందాం. నెట్ సెంటర్లో తెరిస్తే, లేచేముందు లాగౌట్ చేద్దాం.