పడిశం - కలిమిలేములు

‘పడిశం పది రోగాల పెట్టు’ అని తెలుగువారి సామెత. ఉర్దూ మాట్లాడే ఇండ్లలో దీనినే ‘నజ్లా’ అంటారు. పేరేదైనా దీనిని రోగంగా లెక్కించేవారు తక్కువ. నాలుగు రోజులలో తగ్గిపోయే జలుబు సంగతి వేరు. వారాల తరబడి తుమ్ములు, దురద, నీరు కారడం, ముక్కు దిబ్బడ బాధిస్తే దానిని వైద్యులు రైనిటిస్ అంటారు. అనగా ముక్కు లోపలి పొర వాపు. దుమ్ము, పుప్పొడి, బూజు వంటివి శరీరానికి సరిపడక వచ్చేది ఎలర్జిక్ రైనిటిస్. ఈ వ్యాధి రావడంలోను, వచ్చిన పిమ్మట చికిత్స పొందడంలోను కలిమిలేముల ప్రభావం ఎట్టిదో పరిశీలించడమే ఈ వ్యాస ఉద్దేశం.

ఒకప్పుడు ఇది సంపన్నుల వ్యాధిగా పేరుపొందింది. 1819లో జాన్ బోస్టాక్ అనే ఆంగ్ల వైద్యుడు తనకే ప్రతి వేసవిలోను వచ్చే ఈ బాధను లండన్ వైద్యుల సభలో వివరించాడు. 1828లో మరికొందరు రోగుల వివరాలు సేకరించి, వారందరూ మధ్య, ఉన్నత తరగతులవారేననీ, పేదలలో ఈ వ్యాధి తనకు కానరాలేదనీ వ్రాశాడు. మాంచెస్టర్ వైద్యుడు చార్లెస్ బ్లాక్లీ తనపైనే ప్రయోగాలు చేసుకొని, దీనికి కారణం గడ్డి పుప్పొడియేనని 1873లో నిరూపించాడు. పుప్పొడిలోనే బ్రతికే రైతులకు ఈ వ్యాధి అరుదుగా రావడం ఆయనకు ఆశ్చర్యం కలిగించింది. 1989లో డేవిడ్ స్ట్రాకన్ 1958లో పుట్టిన పదిహేడు వేలకు పైగా బ్రిటిష్ పిల్లల వివరాలు పరిశీలించి, తోబుట్టువులు ఎక్కువగా ఉన్నవారిలో ఈ వ్యాధి తక్కువని చూపాడు. పసితనంలో సోకే అంటువ్యాధులే ఎలర్జీ నుండి రక్షిస్తాయేమోనని ఆయన ఊహించాడు. దీనిపై చర్చ నేటికీ సాగుతూనే ఉన్నది.

అయితే పేదవారికి ముక్కు బాధలు లేవని దీని అర్థం కాదు. తుమ్ములకోసం ఒక రోజు కూలి పోగొట్టుకొని వైద్యుని వద్దకు పోయేవారెందరు? పోనివారు లెక్కకు రారు. పైగా ఎలర్జీయే కాక, వృత్తి వలన కలిగే రైనిటిస్ కూడ ఉన్నది. పిండిమర, పత్తి జిన్నింగు మిల్లు, మిరప యార్డు, బీడీల పొగాకు - వీటి ధూళి రోజంతా ముక్కులో చేరుతుంది. గాలి ఆడని వంటగదిలో కట్టెల పొగ స్త్రీలకు, పసిపిల్లలకు తప్పదు. 2016లో ప్రారంభమైన ఉజ్వల పథకం వలన ఎన్నో ఇండ్లకు గ్యాసు వచ్చింది. కాని సిలిండరు నింపించుకొనే స్తోమత లేనిచోట కట్టెల పొయ్యి ఆరలేదు. చెమ్మగోడల బూజు, బొద్దింకలు ఇరుకు ఇండ్లలోని మరికొన్ని కారణాలు.

చికిత్సలో ఈ తేడా మరింత స్పష్టం. ‘దుమ్ముకు దూరంగా ఉండండి’ అన్నది మొదటి సలహా. ఉద్యోగికి ఇది సలహా. మిల్లు కూలీకి మాత్రం పని మానుకొమ్మన్న మాట. ఎడతెగని ముక్కు ఎలర్జీకి మిక్కిలి మేలు చేసేది స్టెరాయిడ్ ముక్కు స్ప్రే. దీనిని క్రమం తప్పక వాడాలి. సొంత డబ్బుతో కొనేవారు బాధ కాస్త తగ్గగానే మానివేస్తారు. 2007లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో ప్రారంభమైన ఆరోగ్యశ్రీ వంటి పథకాలు ప్రధానంగా ఆసుపత్రిలో చేరి పొందే చికిత్సలకే. అందుచేత చాలామంది మందుల దుకాణానికే పోతారు. అక్కడ దొరికే దిబ్బడ చుక్కలు వెంటనే హాయినిస్తాయి. కాని ఎక్కువ రోజులు వాడితే దిబ్బడ తిరిగి పెరుగుతుంది. చవకైన పాత మాత్ర క్లోర్‌ఫెనిరమైన్ తుమ్ములను ఆపుతుంది, నిద్రను తెస్తుంది. ఆంటీబయోటిక్ ఎలర్జీకి పనిచేయదు. ఆ ఖర్చు వృథా. అలక్ష్యం చేసిన రైనిటిస్ తరచు ఉబ్బసంతో కలిసి ఉంటుందని కూడ గుర్తుంచుకోవాలి.

విద్యార్థులకు ఇది చిన్న విషయం కాదు. బ్రిటన్‌లో పరీక్షలు వ్రాసిన 15-17 ఏండ్లవారిపై జరిగిన ఒక పరిశోధన 2007లో ప్రచురితమైంది. పరీక్షల వేళ ఈ వ్యాధి బాధించినవారికి మునుపటికంటె తక్కువ గ్రేడు వచ్చే అవకాశం ఎక్కువని, నిద్ర తెప్పించే మాత్రలు వాడినవారిలో అది ఇంకా ఎక్కువని అందులో తేలింది. ఫీజుకై కష్టపడి చదివే విద్యార్థికి మార్కులు తగ్గితే స్కాలర్‌షిప్పే చేజారవచ్చును. ముక్కు జబ్బు ఈ విధంగా పేదరికాన్ని పొడిగిస్తుంది.

కావున కొన్ని పనులు మన చేతిలోనే ఉన్నవి. నల్లబల్లను తడిగుడ్డతో తుడవాలి. తరగతి గదులను ఊడ్చేముందు నీరు చల్లాలి. 1950ల దశకంలో పూణే ప్రాంతంలో కనిపించి దేశమంతా వ్యాపించిన వయ్యారిభామ మొక్కను ఆవరణలో పూత రాకముందే, చేతులకు తొడుగులు వేసుకొని పీకివేయాలి. ఏటా ఒకసారి, పరీక్షలకు ముందుగానే, వైద్యునిచే పరీక్ష చేయించే ఏర్పాటును కళాశాల కమిటీ పరిశీలించవచ్చును. నిద్ర అంతగా రానివ్వని సెటిరిజిన్, లోరటడిన్ వంటి మాత్రలు నేడు జనౌషధి దుకాణాలలో తక్కువ ధరకే దొరుకుతున్నవి. వైద్యుని సలహాతోనే వాడాలి.

తుమ్ము అందరికీ ఒకటే. దానిని తట్టుకొనే శక్తియే అందరికీ ఒకటి కాదు. ఈ తేడాను తగ్గించడం వైద్యునితో పాటు సమాజానికీ బాధ్యతయే.