వాలుకోణమును ఎన్నుకొనుట: గోల్ఫు కర్రలను గూర్చి యొక పాఠము

మొన్నటి తల్లిదండ్రుల సమావేశమున ఒక తల్లి మమ్ము నిలదీసినది. ఆమె కుమారుడు తొమ్మిదవ తరగతి; రేఖాగణితమున వెనుకబడినవాడు. ఈ యేడు తప్పినచో చదువు మాన్పించి కార్ఖానాకు పంపుదమని ఇంటిలో అనుకొనుచున్నారట. వాడు మాత్రము సాహిత్ తీగల ఆడు గోల్ఫు ఆటను ఫోనులో చూచుచు, కర్రలమీద 46, 52, 56 అని అంకెలేల యని అడుగుచున్నాడట. "ఇది చదువా సారూ, పొద్దుపుచ్చుటయా?" అని ఆమె ప్రశ్న. ఆ అంకెలు కోణములే గనుక ఇది చదువే యంటిమి. ఆనాడు తీరికగా చెప్పలేని దానిని ఇచట వ్రాయుచున్నాము.

సాహిత్ 1997లో కాలిఫోర్నియాలో జన్మించెను. తల్లిదండ్రులు హైదరాబాదు నుండి వెళ్ళినవారు. ఇంటిపేరు వినగానే మన పేటలో ఎవరికైనను మనవాడే యనిపించును. 2023 సెప్టెంబరులో నాపా పట్టణమున ఫార్టినెట్ పోటీని గెలిచి, పి.జి.ఎ. టూర్‌లో తన తొలి విజయము నందెను. అదే సంవత్సరము ఏప్రిలులో, ఆగస్టాలోని మాస్టర్స్ పోటీ కడపటి దినమున, పదునాఱవ గుంటకడ అతడు బంతిని నేరుగా గుంటవైపునకు కొట్టలేదు. ప్రక్కనున్న ఏటవాలు మీదికి కొట్టెను. అది మెల్లగా మలుపు తిరిగి, జారి, నాలుగుంబావు అంగుళముల వెడల్పుగల గుంటలో పడినది. ఇట్లు గుంటకు దగ్గరనుండి ఆడుదానిని చేరువ ఆట యనవచ్చును. దానికి వాడు కర్రలకు వెడ్జీలని పేరు.

వెడ్జి కొన నుండు ఇనుప ముఖము నిలువుగా నుండక వెనుకకు వాలి యుండును. నిలువు గీతనుండి అది ఎంత వాలినదో ఆ కోణమే కర్రపై చెక్కిన అంకె. వాలు పెరిగినకొలది బంతి ఎత్తుగా లేచి, తక్కువ దూరము పోయి, పడినచోట త్వరగా నిలుచును. అయితే 56 డిగ్రీల కర్రతో కొట్టిన బంతి 56 డిగ్రీలలో లేవదు. అంతకు చాల తక్కువ కోణమున లేచును.

దీనిని ఇంటికడ చూపవచ్చును. నీళ్ళు వచ్చు దినమున, బిందెలన్నియు నిండిన పిదప, గొట్టపు మూతిని నేలకు దగ్గరగా పట్టి 30, 45, 60 డిగ్రీలకు త్రిప్పి చూడుడు. 45 వద్ద నీరు అన్నిటికంటె దూరము పోవును. 30 వద్దను 60 వద్దను దాదాపు ఒక్కచోటనే పడును. కాని 60 వద్ద పైనుండి నిట్టనిలువుగా దిగును, 30 వద్ద నేలను రాచుకొని ముందుకు పారును. బిడ్డ చేత కోణమానిని, అంగుళముల టేపును ఉంచినచో వాడే అన్నియు కనిపెట్టును.

ఇక ఎన్నిక విషయము. ఆట నియమము ప్రకారము సంచిలో 14 కర్రలకు మించరాదు. వానిలో వెడ్జీలు మూడో నాలుగో యుండును. పేరు చూచి కొనుట పొరపాటు. పిచింగ్ వెడ్జి యనునది పూర్వము 50 డిగ్రీల దరిదాపున నుండెడిది. నేడు అనేక కంపెనీలు 44 నుండి 46కు దించినవి. ఇసుకలో వాడు శాండ్ వెడ్జి మాత్రము 54 - 58 నడుమనే నిలిచినది. అందుచే రెంటి నడుమ పెద్ద ఖాళీ ఏర్పడి, దానిని పూడ్చుటకు గ్యాప్ వెడ్జి యనునది పుట్టినది.

ఒకనికి 46 కర్రతో 110 గజములు, 56తో 80 గజములు పోవు ననుకొందము. (గజము మగ్గపు వారికి క్రొత్తది కాదు.) గుంట 95 గజములలో నున్నచో ఒకదానిని అణచి కొట్టవలెను, మఱియొకదానిని శక్తికి మించి కొట్టవలెను. నడుమ 51 డిగ్రీల కర్ర చేర్చినచో చిక్కు తీరును. కర్రకు కర్రకు 4 నుండి 6 డిగ్రీల ఎడము సమముగా నుండవలెనను సూత్రమున కిదియే కారణము. పన్నెలో పళ్ళ ఎడము ఒక్కచోట తప్పినను బట్ట పొడవునా గీత పడుట మీరెఱుగుదురు. 60 డిగ్రీల కర్రను క్రొత్తవారు ఆశింపరాదని మా అభిప్రాయము. కర్ర కొంచెము తప్పినను బంతి పైకి లేచి ముందుకు పోదు.

అడుగుభాగపు వాలు వేఱొకటి గలదు. 1932లో జీన్ సారజెన్ అను అమెరికా ఆటగాడు తన కర్ర అడుగున టంకము పోసి మందము చేసి, ఇసుకలో కూరుకొనకుండ చేసికొని, ఆ యేడే బ్రిటిష్ ఓపెన్ గెలిచెను. మెత్తని ఇసుకకు అడుగు వాలు హెచ్చుగ నుండవలెను. మన షోలాపురపు వేసవి నేల వంటి గట్టి నేలకు తక్కువ చాలును.

ఇది ధనికుల ఆట కాదా యని కొందరందురు. ఖర్చు విషయమున నిజమే. కాని ఎస్.ఎస్.పి. చౌరాసియా తండ్రి రాయల్ కలకత్తా గోల్ఫు క్లబ్బులో పచ్చిక చూచుకొను పనివాడు. కొడుకు అచటనే చూచి నేర్చి, 2008లో ఢిల్లీలో ఇండియన్ మాస్టర్స్ గెలిచెను.

ఆ బాలుడు నిన్న నోటుపుస్తకము తెచ్చి చూపినాడు. 46, 56 గీతలు సరిగానే యున్నవి. నడుమ 51 గీయుమన్నచో 52 గీచి, ఆటగాళ్ళు వాడునది అదే యని వాదించినాడు. వారు తమ దూరములు కొలుచుకొని 52 తీసికొనిరి, నీవేమి కొలిచితివని అడిగితిమి. గొట్టముతో కొలిచి వచ్చెదనన్నాడు. బడి కోణమానిని వానికిచ్చి పంపితిమి. వార్షిక పరీక్షకు మునుపు తిరిగి ఈయవలెనని తల్లికి తెలియజేయుచున్నాము.