నీళ్లయొద్ద ఇచ్చిన మాట

లెంటు దినముల పాఠము
చదువవలసిన వాక్యభాగములు: లూకా 3:7–14, రోమా 6:1–11

ప్రియులారా, భస్మ బుధవారము మొదలు ఈస్టరు వరకు, ఆదివారములను లెక్కలో చేర్చక, నలుబది దినములను మన సంఘములు ఉపవాస ప్రార్థనలతో గడుపుచున్నవి. కొందరు మాంసము మానుదురు, కొందరు ఒక పూట భోజనము మానుదురు. మంచిదే. అయితే పూర్వపు సంఘములో ఇది ఈస్టరు వేళ బాప్తిస్మము పొందబోవువారిని సిద్ధపరచు కాలమై యుండెను. నాలుగవ శతాబ్దములో యెరూషలేము బిషప్పయిన సిరిల్ వారికి ఈ దినములలోనే విశ్వాస పాఠములు చెప్పెను. ఇదివరకే బాప్తిస్మము పొందిన మనకు లెంటు, ఇచ్చిన మాటను మరల తలచుకొను కాలము.

ఆ మాట ఏది? సాతానును వాని క్రియలను విసర్జింతుమనియు, క్రీస్తును నమ్మి వెంబడింతుమనియు చెప్పితిమి. కొందరము ఏటిలోనో చెరువులోనో నిలిచి స్వయముగా చెప్పితిమి. కొందరి తరఫున తలిదండ్రులు చెప్పగా, పెద్దవారమైన పిమ్మట సంఘము ఎదుట మనమే దానిని ఒప్పుకొంటిమి. పాత జీవితము క్రీస్తుతో కూడ సమాధి అయినదనియు, ఇక నడువవలసినది క్రొత్త నడతయనియు పౌలు రోమా సంఘమునకు బోధించెను.

1. యోహాను ఇచ్చిన జవాబు

బాప్తిస్మమునకు వచ్చినవారు తాము చేయవలసినదేమని యోహానును అడిగిరి. ఆయన ఎవరి పనినిబట్టి వారికి జవాబిచ్చెను. రెండు అంగీలున్నవాడు లేనివానికి ఒకటి ఇవ్వవలెను. సుంకరి నిర్ణయమునకు మించి వసూలు చేయరాదు. సైనికుడు ఎవరిని బెదిరించి లాగుకొనక, తన జీతముతో తృప్తిపడవలెను. గమనించుడి: ఆయన ఎవరిని ఉద్యోగము వదలుమనలేదు. ఆ ఉద్యోగములో పాపము పొంచియున్న చోటనే వ్రేలు పెట్టి చూపెను.

2. మన పెద్దల సాక్ష్యము

ఒంగోలు ప్రాంతమున మిషనరీ క్లౌ దొరగారి కాలములో మాదిగ పల్లెలనుండి విశ్వాసులైన మన పెద్దలు మూడు కట్టడలకు లోబడిరి: ఆదివారము పని చేయకుండుట, చచ్చిన గొడ్డు మాంసము తినకుండుట, విగ్రహములకు మ్రొక్కకుండుట. ఆదివారము పనికి రామన్నందుకు ఊరి పెద్దల కోపమునకు గురియైనవారు అనేకులు. 1876–78 కరవులో, బువ్వకొరకు ఎవరును బాప్తిస్మము పొందకూడదని క్లౌ దొరగారు నెలల తరబడి బాప్తిస్మములు ఆపివేసిరి. కరవు సహాయము ముగిసిన తరువాతనే, 1878 జూలై 3వ తేదీన, గుండ్లకమ్మ యేటిలో వెల్లంపల్లి వద్ద 2,222 మంది బాప్తిస్మము పొందిరి. లాభము చూపి ఇప్పించిన మాట కాదది. నష్టమునకు సిద్ధపడి ఇచ్చిన మాట.

3. మాదాపూరులోని మన బిడ్డలు

1998 నవంబరు 22న నాటి ప్రధాని వాజ్‌పేయి గారు హైదరాబాదు ప్రక్క మాదాపూరులో సైబర్ టవర్స్ భవనమును ప్రారంభించిరి. దాని చుట్టు పెరిగిన హైటెక్ సిటీ నేడు గచ్చిబౌలి దాటి పోయినది. అక్కడ మన పల్లెల బిడ్డలు కొందరు కంప్యూటరు ముందర కూర్చుందురు. కొందరు క్యాబు నడుపుదురు, కావలి కాయుదురు, అంతస్తులు తుడుతురు. వారు వచ్చి అడిగినయెడల యోహాను ఏమి చెప్పును?

మొదటిది, కాగితములో సత్యము. అమీర్‌పేటలో కోర్సు నేర్చుకొన్న పిల్లవానికి అనుభవము లేదని ఉద్యోగము దొరకదు. అప్పుడొక మధ్యవర్తి, ఎన్నడును పని చేయని కంపెనీ పేర అనుభవ పత్రము డబ్బునకు ఇప్పింతుననును. అందరు చేయునదేగదా యనును. ఆ పత్రము కొన్నవాడు ప్రతి దినము ఆ అబద్ధమును కాపాడుకొనుచు బ్రదుకవలెను. సత్యం అను పేరుగల పెద్ద కంప్యూటరు కంపెనీ సంగతి మనకు తెలియును. లేని సొమ్మును లెక్కలలో ఉన్నట్టు చూపితిమని దాని అధ్యక్షుడే 2009 జనవరి 7న ఉత్తరము వ్రాసి ఒప్పుకొనెను; చిన్నదిగా మొదలైన తేడా ఏటేట పెరిగెననియు అందులో చెప్పెను. వేలాది ఉద్యోగులు కలతపడిరి. అబద్ధము మొదట చిన్నదే.

రెండవది, ప్రభువు దినము. అమెరికాలో పగలు మనకు రాత్రి గనుక అక్కడ రాత్రి పనులు కలవు. ఆదివారము డ్యూటీయు పడును. డ్యూటీ పడిన బిడ్డను నిందింపకుడి. ఆసుపత్రి నర్సుకును అట్లే పడునుగదా! అయితే సెలవు దొరికిన ఆదివారమును నిద్రకే ఇచ్చివేయుట వేరు సంగతి. వీలుపడని వారమున మరియొక దినమైనను ఇద్దరు ముగ్గురు విశ్వాసులతో కూడి ప్రార్థించవలెను.

మూడవది, చిన్న పనివారియెడల మర్యాద. బల్ల తుడుచు అమ్మయు, అర్ధరాత్రి ఇల్లు చేర్చు డ్రైవరును ఒకరి తల్లి, ఒకరి తండ్రి. వారిని పేరు పెట్టి గౌరవముతో పలుకరించుటయు బాప్తిస్మపు నడతయే.

4. ఇంటివద్ద నున్న మనము

పొలము తాకట్టు పెట్టి చదివించితిమి. అప్పు బరువు నిజమే. కాని బిడ్డ ఫోను చేసిన ప్రతిసారి, "ఉద్యోగం వచ్చిందా నాయనా? పక్కింటివాడికి వచ్చిందట" అని మాత్రమే అడిగినయెడల, వానిని ఆ మధ్యవర్తి గడపకు మనమే తరుముచున్నాము. ఆ దొంగ పత్రములో మనమును పాలివారమగుదుము. "ఆలస్యమైనా ఫరవాలేదు, అబద్ధమాడి మాత్రం వద్దు" అని తండ్రి చెప్పిన ఒక్క మాట, ఆ పట్టణములో ఒంటరిగా నున్న బిడ్డకు కోటవలె నిలుచును. ఆ మాట చెప్పుటకు మనకును ఖర్చు కలదు: అప్పు మరి కొన్నాళ్లు మోయవలెను. ఈ లెంటులో మన ఉపవాసము అదియే కావచ్చును.

ఆలోచించుటకు

1. యోహాను నేడు మన పొలములోనికి, అంగడిలోనికి వచ్చినయెడల ఎక్కడ వ్రేలు పెట్టును?
2. పట్టణములోనున్న మన బిడ్డను ఈ నెలలో జీతము కాక మరేమి అడిగితిమి?
3. ఉద్యోగము దొరకక ఇంటికి తిరిగివచ్చిన యౌవనుని మన సంఘము ఎట్లు చేర్చుకొనుచున్నది?

మనము మాట తప్పినను ఆయన తప్పువాడు కాడు. నీళ్లయొద్ద మనలను పట్టుకొన్న ఆ చెయ్యి మనలను, మన బిడ్డలను ఈస్టరు ఉదయమువరకు నడిపించును గాక. ఆమేన్.